నీలకేతుడు తలుపెందుకు తీశాడు

అచ్యుతరామయ్యగారి చేతిరాత చదవగలిగిన మనిషి కొత్తపేట మొత్తానికి నిర్మల ఒక్కతే. హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పిన మాస్టారు ఆయన. బోర్డు మీద ముత్యాల్లా రాసేవారని పేరు. కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం వాన ముందు చీమలు పరుగెత్తినట్టుండేవి అక్షరాలు. రిటైరైన ఏడాది, ఓ మధ్యాహ్నం గొడుగు మడుచుకుంటూ బస్టాండు పక్కనున్న నిర్మల డీటీపీ షాపులోకి వచ్చి, గుడ్డసంచిలోంచి రూళ్ళ కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది టైపు చెయ్యాలమ్మా. శుభలేఖ కాదు, కథ. కాస్త పెద్దది," అన్నారు.

ఆ కాస్త పెద్ద కథ తొమ్మిదేళ్ళలో నాలుగు భాగాలైంది. దాని పేరు 'ఉప్పుకోట'. నది సముద్రంలో కలిసే చోట ఒక రాజ్యం. దానికి కైరవి అనే రాణి. ఆమె సేనాపతి నీలకేతుడు. సముద్రం మీంచి వచ్చిపడే ఓడరాజులు. పిలిస్తే పలికే గాలులు, నీటి అడుగున వందేళ్ళుగా నిద్రపోతున్న ఓ జంతువు. మొదటి భాగం వచ్చినప్పుడు ఊళ్ళో వాళ్ళు మాస్టారికి వయసు మీద పడ్డాక చిన్నపిల్లల సరదా పుట్టిందనుకున్నారు. రెండో భాగం వచ్చాక ఎవరో దాన్ని చదివి యూట్యూబులో పెట్టారు. అక్కణ్ణుంచి కాలేజీ పిల్లలు, బస్సుల్లో ఉద్యోగాలకి తిరిగేవాళ్ళు, ఇళ్ళల్లో వంట చేసుకుంటూ వినేవాళ్ళు, అలా వేలమంది అయ్యారు.

నాలుగో భాగం చివర్న కోట ముట్టడిలో ఉంటుంది. నలభయ్యో రోజు తెల్లవారుతుండగా నీలకేతుడు సముద్రం వైపు తలుపు తీసి, ఓడరాజుల్ని లోపలికి రానిస్తాడు. పుస్తకం అక్కడితో ఆగిపోయింది. ఎందుకు తీశాడో రాయలేదు.

దాంతో చదివేవాళ్ళు రెండుగా చీలిపోయారు. నీలకేతుడు మొదటినుంచీ ద్రోహేనన్నవాళ్ళు తలుపు పార్టీ. అతనూ రాణీ కలిసి పన్నిన పన్నాగమది, ఓడరాజుల్ని లోపలికి రప్పించి పట్టుకుంటారు అన్నవాళ్ళు ఉంగరం పార్టీ. రెండో భాగంలో రాణి అతనికి ఓ ఉంగరం ఇస్తుంది, అతను దాన్ని తర్వాత ఎక్కడా తియ్యడు, అదీ వాళ్ళ ఆధారం. ఫేస్‌బుక్ గ్రూపులో పొద్దున లేచింది మొదలు ఇదే వాదన. నిర్మల కూడా ఆ గ్రూపులో 'రేవుపక్షి' అనే పేరుతో ఉండేది. ఒక్క ముక్క రాసేది కాదు. చదివి, బాగున్నవి ఏరి, మాస్టారు కాగితాలు తెచ్చిన రోజున ఆయనకి చెప్పేది.

అన్నింట్లోకీ ఆయనకి నచ్చింది ఉప్పు సంగతి. మండపేటలో నాగసతీష్ అనే కుర్రాడున్నాడు. రైస్‌మిల్లు వేబ్రిడ్జి దగ్గర లారీలు తూచే ఉద్యోగం. 'ఉప్పుకోట కబుర్లు' అని ఓ ఛానెల్ నడుపుతాడు. అతను నాలుగో భాగమంతా గాలించి, ముట్టడికి ముందు శత్రువుల శిబిరంలో ఉన్న మూడు నెలలూ నీలకేతుడు ఏం తిన్నాడో పట్టీ రాశాడు. అరటిపళ్ళు, చెరుకు, కొబ్బరి, పాలు, తేనె. ఉప్పు వేసిన పదార్థం ఒక్కటీ లేదు. ఓడరాజుల ఉప్పు తినలేదు కాబట్టి వాళ్ళకి విశ్వాసంగా ఉండాల్సిన పని లేదు, అతను రాణి మనిషే అన్నాడు.

ఇది చెప్పినప్పుడు మాస్టారు కళ్ళజోడు తీసి, కండువాతో కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

"ఎంత జాగ్రత్తగా చదివేడమ్మా. రాసినవాడికంటే చదివేవాడే గట్టివాడు."

"అయితే నిజమేనా అండి? కావాలనే ఉప్పు పెట్టలేదా?"

"అయిదో భాగం టైపు చేసేటప్పుడు నీకే తెలుస్తుంది. ముందు చెప్పేస్తే నీకు పని మీద సరదా ఏముంటుంది?"

"ఒక్క మాట చెప్పండి మాస్టారూ. మంచివాడా, చెడ్డవాడా?"

"కాగితాలు జాగ్రత్త. ఫ్యాను గాలికి పేజీలు తారుమారవుతాయి," అంటూ గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

అయిదో భాగంలో మూడు అధ్యాయాలు ఇచ్చారు. మూడో అధ్యాయంలో కైరవి చెరలో కూర్చుని, నీలకేతుడు వస్తున్న అడుగుల చప్పుడు వింటుంది. నాలుగోది వచ్చే వారం తెస్తానన్నారు. ఆ వారంలోనే, శ్రావణ శుక్రవారం పొద్దున, వసారాలో కాఫీ తాగుతుండగా చేతిలో గ్లాసు జారిపోయింది. ఆయన భార్య సూర్యకాంతంగారు వంటింట్లోంచి వచ్చి చూసేసరికి మూతి ఓ పక్కకి లాగేసి ఉంది. కాకినాడ తీసుకెళ్ళారు. ఇరవై రోజుల తర్వాత ఇంటికి తెచ్చారు. కుడిచెయ్యి లేవదు. కాలు ఈడుస్తూ పదడుగులు వేస్తారు. మాట పోయింది.

పూర్తిగా పోలేదు. ఒక్క మాట మిగిలింది. 'ఆయ్'.

గోదావరి మనుషులకి అది అవునన్న మాట, విన్నానన్న మాట, అలాగేలెండి అన్న మాట. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వచ్చి "బాగున్నారా మాస్టారూ" అంటే "ఆయ్" అనేవారు. "నొప్పిగా ఉందా అండి" అన్నా "ఆయ్". "లేదు కదండీ" అన్నా "ఆయ్". వచ్చినవాళ్ళు, ఫరవాలేదు, మనిషి తెలివిలోనే ఉన్నారు అనుకుంటూ వెళ్ళేవారు. సూర్యకాంతంగారికి మాత్రమే తెలుసు, అన్నం పెట్టమంటున్నారో వద్దంటున్నారో కళ్ళు చూసి కనుక్కోవాలని.

ఆయనకి ఒంట్లో బాగాలేదన్న కబురు గ్రూపులో తెలిసింది. నిజానికి ఎవరూ చెడ్డగా మాట్లాడలేదు. ఎక్కడెక్కడివాళ్ళో దండాలు పెట్టారు, పూజలు చేయిస్తామన్నారు. పదిహేను రోజులు పోయాక ఎవరో నెమ్మదిగా అడిగారు. మరి అయిదో భాగం? అక్కణ్ణుంచి మళ్ళీ మొదలైంది. చివరిది ఎవరికైనా చెప్పారా? ఎక్కడైనా రాసి పెట్టారా?

ఎక్కడా రాయలేదని నిర్మలకి తెలుసు. సూర్యకాంతంగారితో కలిసి బీరువా, బల్లసొరుగులు, పాత డైరీలు అన్నీ వెదికింది. రాణి చెరలో అడుగుల చప్పుడు వినే పేజీ తర్వాత తెల్లకాగితాలే.

నాగసతీష్ ఎలాగో షాపు నంబరు సంపాదించి ఫోను చేశాడు.

"మేడమ్ గారండీ, నేను మండపేట నుంచండి. గురువుగారిని ఒక్కసారి చూసి వచ్చేస్తానండి. ఏమీ అడగను. పళ్ళు పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేస్తానండి."

ఇంటికి కొత్తవాళ్ళని తీసుకెళ్ళడం నిర్మలకి ఇష్టం లేదు. కానీ ఉప్పు సంగతి కనిపెట్టినవాడు ఎలా ఉంటాడో చూడాలనిపించింది. మాస్టారు సంతోషిస్తారని కూడా అనుకుంది. ఆ అడుగున ఇంకో ఆశ ఉందని, ఈ కుర్రాడు అడిగితే ఏదో ఒకటి బయటపడుతుందేమోనని తనకీ ఉందని, చాలా రోజుల తర్వాత గాని ఒప్పుకోలేకపోయింది.

"ఆదివారం పదకొండింటికి రండి. ఆయన అన్నింటికీ ఆయ్ అనే అంటారు, గుర్తుపెట్టుకోండి," అంది.

వచ్చాడు. ముప్పయ్యేళ్ళ లోపే ఉంటాయి, పలచటి మనిషి. సంచిలో బత్తాయిలు, నాలుగు పుస్తకాలు. పుస్తకాల నిండా రంగు కాగితాలు అతికించి ఉన్నాయి. వసారాలో కుర్చీలో కూర్చున్న మాస్టారిని చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత వచ్చి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"గురువుగారండీ, ఉప్పు గురించి చెప్పింది నేనేనండి."

మాస్టారి ముఖం వెలిగింది. నిర్మల ఆ నవ్వు చూసి చాలా రోజులైంది. ఎడమచెయ్యి చాపి అతని తల మీద పెట్టారు. "ఆయ్, ఆయ్," అన్నారు.

నాగసతీష్ ఏడ్చేశాడు. సూర్యకాంతంగారు లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చారు. "ఫోటో ఒకటి తీసుకోవచ్చాండి, జ్ఞాపకానికి" అని అతనడిగితే, "తీసుకో నాయనా" అన్నారు. అతను ఫోను కిటికీలో ఆనించి పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఏమీ అడగనని వచ్చినవాడు అడగకుండా ఉండలేకపోయాడు.

"గురువుగారూ, మీకు కష్టమైతే వద్దండి. నీలకేతుడు రాణిగారి మనిషే కదండీ?"

"ఆయ్," అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రానికే అది వీడియోగా ఛానెల్లో ఉంది. 'గురువుగారు చెప్పేశారు' అని పేరు. నలభై సెకన్ల ముక్క. రెండు రోజుల్లో లక్షమంది చూశారు. ఉంగరం పార్టీవాళ్ళు బస్సుల మీద బంతిపూలు కట్టినంత పండగ చేసుకున్నారు.

నిర్మల ఫోను చేసి, "అదేంటండీ, మీతో ఏం చెప్పేను? ఆయన అన్నింటికీ ఆయ్ అంటారని చెప్పలేదా?" అంది.

"అన్నారండీ. కానీ నేను ఆ కళ్ళు చూసేనండి మేడమ్. తెలిసే అన్నారండి. నా తల మీద చెయ్యి పెట్టేరు కదండీ." అతను అబద్ధమాడట్లేదు. నిజంగానే నమ్మాడు.

మూడోరోజు తలుపు పార్టీవాళ్ళు వచ్చారు. రామచంద్రపురం కాలేజీ నుంచి ముగ్గురు అమ్మాయిలు, ఓ అబ్బాయి. నిర్మలకి చెప్పకుండా నేరుగా ఇంటికే వెళ్ళారు. మాస్టారి శిష్యుల పిల్లలేమోననుకుని సూర్యకాంతంగారు కుర్చీలు వేశారు. వాళ్ళలో ఒకమ్మాయి చాలా మర్యాదగా అడిగింది. "మాస్టారండీ, నీలకేతుడు మొదట్నుంచీ ఓడరాజుల మనిషే కదండీ?"

"ఆయ్," అన్నారు.

ఆ ముక్క కూడా నెట్లోకెక్కింది. ఇంక గ్రూపులో ఒకరినొకరు తిట్టుకోని రోజు లేదు. మొదటి వీడియోలో గొంతు గట్టిగా ఉంది కాబట్టి అదే నిజమని కొందరు. రెండోదాంట్లో కళ్ళు దించుకున్నారు కాబట్టి అది బలవంతమని కొందరు. కాదు, మొదటిదే ఊళ్ళో ఎవరో నేర్పించి చెప్పించిందని ఇంకొందరు. ఒక డాక్టరుగారబ్బాయి రెండు ఆయ్‌లనీ గ్రాఫులు గీసి, పక్కపక్కన పెట్టి చూపించాడు.

వారానికోసారి అమలాపురంలో స్పీచ్ థెరపిస్టు జ్యోతిర్మయిగారి దగ్గరికి మాస్టారిని తీసుకెళ్ళేవారు. ఆ వారం నిర్మల కూడా వెంట వెళ్ళి, ఆయన బయట కూర్చున్నప్పుడు అడిగింది.

"తల ఊపితే నమ్మొచ్చాండి? అవునంటే ఇలా, కాదంటే అలా?"

"ఇప్పుడే నమ్మకండి," అంది జ్యోతిర్మయి. "అవును, కాదు అన్నవే ముందు తారుమారవుతాయి వీళ్ళకి. లోపల కాదనుకుంటారు, బయటికి అవునని వచ్చేస్తుంది. తల కూడా అంతే."

"లోపల ఉందంటారా? కథ?"

"ఉండొచ్చు. మాట్లాడేది అర్థమవుతోంది, మనుషుల్ని గుర్తుపడుతున్నారు. ఎంత ఉందో చెప్పగలిగే యంత్రం నా దగ్గర లేదమ్మా."

ఉండొచ్చన్న ఆ ఒక్క మాట నిర్మలని పట్టుకుంది. మర్నాడు అట్టముక్కలు కోసి, కథలో పేర్లు పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి అతికించింది. కైరవి, నీలకేతుడు, ఓడరాజు, తలుపు, ఉంగరం. షాపుకి తాళం వేసి, మధ్యాహ్నం వెళ్ళి మాస్టారి ముందు బల్ల మీద పరిచింది.

"మాస్టారూ, ఎవరి పక్కన ఎవరుంటారో పెట్టండి. తొందర లేదు."

ఆయన చాలాసేపు చూశారు. ఎడమచేత్తో నీలకేతుడి అట్ట తీశారు. దాన్ని కైరవి పక్కన పెట్టారు. ఆయన తల అడ్డంగా తిప్పి, దాన్ని తీసి ఓడరాజు పక్కన పెట్టారు. మళ్ళీ తల అడ్డంగా తిప్పారు. తీసి తలుపు మీద పెట్టారు. అట్టలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టారు. అప్పుడు ఆయన ముఖంలో రక్తం పొంగింది. చెంప మీదుగా నీళ్ళు కారుతున్నాయి. అరచెయ్యి బల్ల మీద కొట్టి, అట్టలన్నీ కిందికి తోసేశారు.

సూర్యకాంతంగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"నువ్వు కూడానా నిర్మలా," అన్నారు.

నిర్మల వంగి అట్టలు ఏరుకుంది. అన్నీ దొరికేవరకూ తల ఎత్తలేదు.

ఆ రోజే నాగసతీష్‌కి ఫోను చేసి, థెరపిస్టు చెప్పిందంతా చెప్పింది. "అయితే నేను చేసింది తప్పండి" అన్నాడు. ఆ రాత్రికే వీడియో తీసేశాడు. మర్నాడు ఇంకో వీడియో పెట్టి, గురువుగారి జబ్బు ఇలాంటిది, ఆ జవాబుకి అర్థం లేదు, నన్ను క్షమించండి అని చేతులు జోడించి చెప్పాడు. ఎవరూ క్షమించలేదు, ఎవరూ నమ్మలేదు. అసలు జవాబు తెలిసిపోయిందని ప్రచురణకర్తలు బెదిరించి తీయించారన్నారు. అతను తీసేసిన ముక్క అప్పటికే వంద చోట్ల ఉంది.

అభిమానులంతా కలిసి రాసుకునే ఓ విజ్ఞాన పేజీ ఉంది నెట్లో. దాన్లో నీలకేతుడి పేరు కింద ఎవరో రాశారు: 'ఇతను రాణికి విధేయుడని రచయిత స్వయంగా ధ్రువీకరించారు.' నిర్మల రేవుపక్షి పేరుతోనే దాన్ని కొట్టేసి, ఆయనకి మాట పడిపోయింది, ధ్రువీకరించలేదు అని రాసింది. గంటలో ఆ మార్పు పోయింది. మళ్ళీ రాసింది. కింద ఎవరో అడిగారు, 'ఆధారం?'

'నేను ఆయన పుస్తకాలు టైపు చేస్తాను,' అని రాసింది.

'అలా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు,' అని జవాబు వచ్చింది.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె రాసిన ముక్కలు అవి. మూడోసారి రాసినప్పుడు రేవుపక్షిని ఆ పేజీలోంచీ, గ్రూపులోంచీ కూడా తీసేశారు.

కార్తీకమాసం వచ్చింది. మాస్టారి తాతలు వేదం చెప్పినవాళ్ళు. చిన్నప్పుడు తండ్రి దగ్గర కొంత నేర్చుకున్నారు గాని, ఉద్యోగంలో పడ్డాక పండగలకే పరిమితమైంది. సోమవారం పొద్దున సూర్యకాంతంగారు ఆటో పిలిపించి శివాలయానికి తీసుకెళ్ళారు. నిర్మల కూడా వెళ్ళింది. అభిషేకం మొదలైంది. పూజారిగారూ ఇంకో ఇద్దరూ మంత్రం అందుకున్నారు. స్తంభానికి ఆనుకుని కూర్చున్న మాస్టారి పెదవులు కదిలాయి. తర్వాత గొంతు లేచింది.

నిర్మల తిరిగి చూసింది. ఆయనే. మంచినీళ్ళన్న మాట అనలేని మనిషి, భార్య పేరు పిలవలేని మనిషి, పెద్ద పెద్ద సమాసాలు స్వరంతో సహా, ఒక్క అక్షరం తప్పకుండా చెబుతున్నారు. పూజారిగారు గొంతు తగ్గించి ఆయనకి దారి ఇచ్చారు. అరగంట ఆగకుండా చెప్పారు. సూర్యకాంతంగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయారు.

అయిపోయాక ఆవిడ పరుగున వచ్చి, "ఏవండీ, నన్ను పిలవండి ఒకసారి" అన్నారు.

ఆయన నోరు తెరిచారు. వెదికారు. "ఆయ్," అన్నారు.

జ్యోతిర్మయిగారికి ఫోను చేస్తే, అలా జరుగుతుంటుందని చెప్పింది. చిన్నప్పుడు కంఠతా వచ్చినవి వేరే చోట ఉంటాయి, పాటలూ మంత్రాలూ అంకెలూ వస్తాయి, కొత్తగా ఒక వాక్యం కూర్చడం మాత్రం రాదు అంది. అయినా మంచిదే, రోజూ చెప్పించండి, గొంతు బాగుపడుతుంది అంది. ఆ తర్వాత రోజూ పొద్దున ఆ ఇంట్లోంచి మంత్రం వినబడేది. సూర్యకాంతంగారు మొదటి మాట అందిస్తే చాలు. ఆ అరగంటసేపూ ఆయన నడుం నిటారుగా పెట్టి కూర్చునేవారు.

గుళ్ళో ఎవరో దాన్ని ఫోనులో తీశారని అప్పుడు తెలియదు. పది రోజుల తర్వాత నాగసతీష్ ఫోను చేసి, "మేడమ్ గారండీ, ఓ వీడియో వచ్చిందండి. అమ్మగారికి చూపించకండి" అన్నాడు.

దాని పేరు 'ఉప్పుకోట: అసలు ద్రోహి ఎవరు?' మాస్టారు మంత్రం చెబుతున్న దృశ్యం. ఆయన నోటి చుట్టూ ఎర్ర సున్నా. వెనక ఎవరో కుర్రాడి గొంతు చాలా శాంతంగా వివరిస్తోంది. మాట పడిపోయిన మనిషి ఇంత ధారాళంగా చదవగలడా? ఆయన మాట్లాడగలరు. జబ్బు నాటకం. చివరి భాగం రాయడం చేతకాక, వేలమందిని మోసం చెయ్యడానికి వేసిన ఎత్తు. పుస్తకంలో తలుపు తీసినవాడు నీలకేతుడు, బయట తలుపు మూసుకున్నవాడు అచ్యుతరామయ్య. ఇంట్లో ఆవిడకీ, టైపు చేసే ఆవిడకీ తెలుసు. కింద నాలుగువేలమంది రాశారు. సగంమంది ఛీ అన్నారు. సగంమంది, ఆలోచించాల్సిందే అన్నారు.

సూర్యకాంతంగారికి చూపించక్కర్లేకపోయింది. ఫోన్లు ఇంటికే వచ్చాయి. ఒకమ్మాయి, "ఆంటీ, మీరైనా నిజం చెప్పండి, మేం ఎన్నేళ్ళనుంచి చదువుతున్నాం" అని బతిమాలింది. ఒకతను, ఆయన్ని ఒక్కసారి ఫోనులో మాట్లాడించమని గదమాయించాడు. ఆవిడ ప్రతివాళ్ళకీ ఓపిగ్గా, "రాదు నాయనా, మాట రాదు. మంత్రం వేరు, మాట వేరు. డాక్టరమ్మ చెప్పింది" అని చెప్పేవారు. చెప్పగా చెప్పగా ఆ చెప్పడమే నేర్పిన పాఠంలా వినబడుతోందని ఆవిడకే అనిపించి, ఫోను కట్టేసి బీరువాలో పెట్టేశారు.

పక్కింటివాళ్ళబ్బాయి మంచి ఉద్దేశంతోనే, "చూడండి తాతగారూ, మీ గురించి ఏం కూస్తున్నారో" అని ఆ వీడియో మాస్టారికి చూపించాడు.

నిర్మల వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆయన కుర్చీలో ముందుకి వాలి, ఎడమచేత్తో గొంతు పట్టుకుని ఉన్నారు. ఆమెని చూసి ఏదో చెప్పాలని ప్రయత్నించారు. మెడ నరాలు తేలాయి. "ఆయ్. ఆయ్. ఆ... ఆయ్." కాదని చెప్పడానికి ఆ మాట తప్ప ఆయన దగ్గర ఇంకోటి లేదు. నిర్మల ఆయన చెయ్యి పట్టుకుంది. "తెలుసండి మాస్టారూ, నాకు తెలుసండి," అంది. ఆమెకి తెలిసింది ఎంతో, ఆయన చెప్పాలనుకున్నది ఎంతో, ఎవరు చూడొచ్చారు?

మర్నాడు పొద్దున సూర్యకాంతంగారు ఎప్పటిలాగే మొదటి మాట అందించారు. ఆయన పెదవులు బిగించుకున్నారు. రెండోసారి అందించారు. ముఖం పక్కకి తిప్పుకున్నారు. ఆ తర్వాత రోజూ అంతే. జ్యోతిర్మయిగారు వచ్చి చెప్పినా, పూజారిగారు ఇంటికొచ్చి పక్కన కూర్చుని చదివినా నోరు విప్పలేదు. మిగిలిన ఆ ఒక్క విద్యనీ ఆయనే మూసేసుకున్నారు.

నిర్మల నాలుగు రోజులు షాపు తెరవలేదు. నాగసతీష్ మండపేట నుంచి వచ్చి మూసిన షట్టరు ముందు నిలబడి ఫోను చేస్తే పై వాటాలోంచి కిందికి దిగింది.

"ఛానెలు ఎత్తేసేనండి," అన్నాడు. "నేను రాకపోతే ఇదంతా జరిగేది కాదండి."

"తీసుకొచ్చింది నేనే కదండీ," అంది నిర్మల.

బస్సు హారను కొట్టింది. అతను వెళ్ళిపోయాడు.

సంక్రాంతి వెళ్ళాక ఇంకెక్కడో ఇంకేదో కథ మొదలైంది. గ్రూపులో వాళ్ళు అటు వెళ్ళారు. ఫోన్లు తగ్గాయి. ప్రచురణకర్తలు ఆ మూడు అధ్యాయాలూ చిన్న పుస్తకంగా వేస్తామంటే నిర్మల ఫైలు పంపింది. విజ్ఞాన పేజీలో నీలకేతుడి పేరు కింద ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది.

మాఘమాసంలో ఓ మధ్యాహ్నం నిర్మల అచ్చయిన పుస్తకం పట్టుకుని వెళ్ళింది. వసారాలో సూర్యకాంతంగారు కళ్ళజోడు పెట్టుకుని, మొదటి భాగం ఒళ్ళో పెట్టుకుని పైకి చదువుతున్నారు. ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టుంది చదువు. మాస్టారు పక్క కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"నేనెప్పుడూ చదవలేదమ్మా," అన్నారావిడ, కొంచెం సిగ్గుపడుతూ. "ఆయన రాసుకునేవారు, నేను వంట చేసుకునేదాన్ని. ఇంతమంది వచ్చి ఇంత గొడవ చేసేరు కదా, ఆ మనిషెవడో చూద్దామని మొదలెట్టేను. ఇదిగో, నిన్ననే వచ్చేడు. నీలకేతుడు."

"ఎలా ఉన్నాడండి?"

ఆవిడ పుస్తకంలో వేలు పెట్టి మూసి, ఆలోచించారు. "మంచివాడో చెడ్డవాడో నాకు తెలీదు గాని, ఎవర్నీ కాదనలేని మనిషిలా ఉన్నాడు. రాణి రమ్మంటే వెళ్ళేడు. వాళ్ళన్న పొమ్మంటే పోయేడు. గుర్రాలు కాసేవాడు అడిగినా చెప్పులిచ్చేసేడు. వాడు తలుపు తీసేడంటే పెద్ద కారణమేం ఉండదమ్మా. అవతలెవరో కొట్టుంటారు, తీసుంటాడు."

ఇన్నేళ్ళలో ఎవరూ అనని మాట అది. నిర్మల మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీ వైపే తిరిగి ఉన్నారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వెనకనించి తెలియలేదు. ముందుకి వెళ్ళి చూసినా తెలియలేదు. కళ్ళనిండా నీళ్ళు, మూతి ఓ పక్కకి లాగి ఉంది.

"ఏమండీ, తప్పు చెప్పేనా?" అన్నారు సూర్యకాంతంగారు.

ఆయన ఆయ్ అని కూడా అనలేదు. ఆవిడ లేచి కొంగుతో ఆయన ముఖం తుడిచి, కుర్చీ నీడలోకి జరిపి, వచ్చి కూర్చుని, వేలు పెట్టిన పేజీ తీసి, ఆపిన చోటునుంచి చదవడం మొదలుపెట్టారు.